చెవి తెగినదే అసలైన ఆవు

ఫ్లెక్సీలు వచ్చి బొమ్మలు వేసేవాళ్ల పొట్ట కొట్టాయని ఏడ్చేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఫ్లెక్సీలే లేకపోతే మా పుంగనూరు పెయింటర్ వెంకటరమణప్పకు ఇంత వైభవం దక్కేదా?

పదేళ్ల కిందట ఆయన ఒక గోడ మీద తన పెరట్లోని పొట్టి ఆవును వేశాడు. దూడప్పుడు కుక్క కరిచి దాని ఎడమ చెవి కొస తెగిపోయింది. ఉన్నది ఉన్నట్టు వేసే మనిషి కదా, బొమ్మలోనూ తెగిన చెవే వేశాడు. కింద మూలన చీమంత అక్షరాలతో తన పేరు.

మదనపల్లెలో ఫ్లెక్సీలు వేసేవాడెవడో దాన్ని సెల్‌ఫోన్లో పట్టి, పేరు కత్తిరించి, ఆవును మాత్రం లోకానికి పంచిపెట్టాడు. ఇప్పుడు టమోటా మార్కెట్ నుంచి కుప్పం బస్టాండు దాకా ఆ ఆవే! పాల డెయిరీకి అదే, గృహప్రవేశానికి అదే. నిమ్మనపల్లెలో ఒక ట్యూషన్ సెంటర్ మీద కూడా చూశాను. ర్యాంకులకూ ఆవుకూ ఏం సంబంధమని నన్నడక్కండి.

అంతటితో ఆగిందా? సంతలో రెండు చెవులూ నిండుగా ఉన్న ఆవును "డూప్లికేటప్పా ఇది!" అని తోసేస్తున్నారు. శాంతిపురం ఆసామి ఒకడు చెవి కొస మడిచి, గమ్ము పెట్టి అమ్మాడు. కొన్నవాడి ఇల్లు చేరేసరికి చెవి విచ్చుకుంది!

ఆమధ్య వెంకటరమణప్పకు కుప్పంలో జయచంద్ర డెయిరీ గోడ దొరికింది. "ఈ గోడ మీదన్నా నా పేరుంటాది, సూడు" అని భార్య కెంపమ్మతో చెప్పి మరీ బస్సెక్కాడు. పాత ఆవు పోయింది. దాని దూడ ఎదిగింది, చెవులు రెండూ నిండుగా ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు వేసి, కింద పేరు రాసుకున్నాడు.

జయచంద్ర తన ఫోన్లోని ఫ్లెక్సీ బొమ్మను గోడ పక్కన పెట్టి చూశాడు.

"యాడ సూసి కాపీ కొట్టినావప్పా? చెవి తప్పు!"

"ఆ బొమ్మ నేనేసిందే సామీ. ఆ ఆవూ నాదే."

"అందరూ అట్లే సెప్తారు. చెవి కోసెయ్. కింద ఆ పేరు యాల? ఒరిజినల్లో పేరుండాదా?"

లేదు మరి! చెవి కోశాడు. పేరు మీద సున్నం పూశాడు. బొమ్మ ఒరిజినల్ అయిపోయింది.

ఇంటికొస్తే కెంపమ్మ అడిగింది. "పేరుండాదా?"

"ఉండాది. సున్నం కింద."

పోయిన నెల వానకు సున్నం కరిగి పేరు బయటపడింది. కస్టమర్లు డూప్లికేట్ అనుకుంటారని జయచంద్ర హడలిపోయి, గోడ మొత్తానికీ ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీదా ఆ ఆవే!

ఏ మ్యూజియంలో ఉందండీ ఇంత భద్రత? ఎండ తగలదు, వాన తడపదు, మనిషి కన్ను పడదు. వెంకటరమణప్ప ఆదివారం ఆదివారం కుప్పం పోయి, ఫ్లెక్సీ కొస పైకెత్తి, పేరు చూసుకుని, మళ్లీ దించి వస్తున్నాడు.

గమ్ము సంగతి నా కోతే అనుకోండి. ఇది మాత్రం కళ్లారా చూశాను.