సునామీ డ్రిల్లులో మా వీధే ఫస్టు

సునామీ మాక్ డ్రిల్ దండగ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మనుషులు కనిపెట్టినవాటిలో ఇంతకంటే గొప్పది ఇంకొకటి లేదు! ముందే చెప్పిన తేదీకి, ఎండ ఎక్కకముందే, వాన లేని రోజు చూసుకుని, పిల్లలకు పరీక్షలు లేనప్పుడు వచ్చే సునామీ ఎక్కడైనా ఉందా? మా ఊళ్లో ఉంది. ఏటా వస్తుంది. పనివేళకు ముందే వెళ్లిపోతుంది కూడా. ఎవరికీ సెలవు ఖర్చు కాదు.

మాది సముద్రం పక్క ఊరు. సైరన్ మోగగానే ప్రతి వీధివాళ్లూ కొండ మీది హైస్కూల్ గ్రౌండుకు చేరుకోవాలి. ఏ వీధి నుంచి బయల్దేరినవాళ్లంతా ముందు చేరితే ఆ వీధికి కప్పు, పేపర్లో ఫొటో. సముద్రాన్ని ఎదుర్కోవడానికి ఇంకేం కావాలో మీరే చెప్పండి!

మొదటి ఏడాది మా వీధి ఆఖరున వచ్చింది. కారణం మా అత్తయ్య. అంటే మా ఆవిడకు అమ్మ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రిటైరయి మా దగ్గరే ఉంటున్నారు. మోకాళ్ల నొప్పులు, చేతిలో కర్ర. అయినా ఆ రోజు ఆవిడ సంబరం చూడాలి! ఇస్త్రీ చీర కట్టుకున్నారు. నీళ్ల సీసా, మందుల డబ్బా సంచిలో సర్దుకున్నారు. సైరన్ మోగడమే ఆలస్యం, అందరికంటే ముందు గడప దాటారు. కొండ ఎక్కుతూ అక్కడక్కడా కాస్త ఆగారు, అంతే. ఆవిడ పైకి చేరేసరికి కప్పులు పంచడం అయిపోయి కుర్చీలు లారీలోకి ఎక్కిస్తున్నారు.

మా వీధి కమిటీ సెక్రటరీ మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతుంటుంది. అందుకే ఆయన్ని అందరం స్టాప్‌వాచ్ గారనే అంటాం. మరుసటి ఏడు డ్రిల్లుకు ముందు రోజు ఆయన మా ఇంటికొచ్చారు.

"పిన్నిగారూ, రేపు మీరు శ్రమపడకండి. సైరన్ మోగగానే తలుపేసుకుని మంచం మీద కూర్చోండి చాలు. అదే మాకు పెద్ద సాయం."

"మరి నేనూ నేర్చుకోవాలి కదా బాబూ?"

"మీరు నేర్చుకోవాల్సింది అదే పిన్నిగారూ!"

ఎంత చక్కటి మాట! పక్కనే ఉన్న నేను తలాడించాను. అత్తయ్య సర్దిపెట్టుకున్న సంచిలోంచి మందుల డబ్బా తీసి మళ్లీ అలమరలో పెట్టుకున్నారు. ఆ పూట కాఫీ వద్దన్నారు. అమ్మ చిన్నబుచ్చుకుందని మా ఆవిడ నా మీద విసుక్కుంది. వీధి పరువు ముందు ఒక మనిషి మనసెంత?

ఆ ఏడు మాకు సెకండ్ వచ్చింది. ఇక స్టాప్‌వాచ్ గారిని పట్టుకోవడం ఎవరి తరం? టైలర్ గారి కూతురు నిండు గర్భిణి, ఆమెను కూర్చోమన్నారు. బేకరీ ఆయన తమ్ముడిది చక్రాల కుర్చీ, సందుకు అడ్డమన్నారు. ఆ తర్వాత ఆయాసం ఉన్నవాళ్లు, కొత్త చెప్పులు కొనుక్కున్నవాళ్లు, దారిలో ఎవరైనా పలకరిస్తే నిలబడి కబుర్లు చెప్పేవాళ్లు... అందరూ ఇళ్లలోనే. ఇల్లు అద్దెకు కావాలని ఎవరైనా వస్తే ఉద్యోగం ఏమిటని అడగడం మానేశారు మా ఓనర్లు. "ఆ మలుపుదాకా ఒకసారి పరిగెత్తి చూపించండి" అంటున్నారు!

చివరికి డ్రిల్లులో గట్టి పిండాలే మిగిలాయి. ఫస్టు రాక చస్తుందా? వచ్చింది. మిగతా వీధులవాళ్లు కుళ్లుకుని, కిటుకు కనిపెట్టి, వాళ్ల ముసలివాళ్లనూ ఇంట్లో కూర్చోబెట్టారు. దాంతో ఊరు ఊరంతా స్పీడందుకుంది. చూడ్డానికి వచ్చిన పెద్ద ఆఫీసరు ముక్కున వేలేసుకున్నారు. నష్టం తగ్గించడమంటే మరేమిటనుకున్నారు?

మొన్న ఒక ఉదయం భూమి ఊగింది. వంటింట్లో గిన్నెలు కిందపడ్డాయి. ఆ వెంటనే సైరన్. తేదీ చెప్పకుండా, కమిటీని ఒక్క మాట అడక్కుండా! అయినా మా వీధి తడబడిందా? ఇన్నేళ్ల సాధన ఎక్కడికి పోతుంది? నన్నడక్కుండానే నా కాళ్లు వీధిలోకి దూకాయి. పరుగో పరుగు! గ్రౌండుకు చేరాక స్టాప్‌వాచ్ గారు అలవాటు కొద్దీ మీట నొక్కి "రికార్డు!" అని అరిచారు.

మా ఆవిడ పనిచేసే బ్యాంకు కొండ మీదే. పరిగెత్తుకుంటూ వచ్చి నా పక్కన చూసింది, నా వెనక చూసింది.

"అమ్మ ఏదీ?"

"ఇంట్లో ఉన్నారు" అన్నాను. "ఎప్పుడూ డ్రిల్లుకు ఉన్నట్టే."

అప్పుడు కలయజూశాను. అంత జనంలో ఒక్క చేతికర్ర లేదు. చక్రాల కుర్చీ లేదు. నెరిసిన తల కూడా లేదు, రంగేసుకున్న స్టాప్‌వాచ్ గారి తల తప్ప. బేకరీ ఆయన తమ్ముణ్ని పిలుస్తూ గ్రౌండంతా తిరుగుతున్నాడు.

మా ఆవిడ కిందికి పరిగెత్తబోతే పోలీసాయన చేతులు అడ్డం పెట్టాడు. "ఒక అల వెనక్కి పోయిందని దిగకూడదమ్మా. దాని వెనక ఇంకోటి రావచ్చు." ఆయన చెప్పింది నిజం. అందుకే ఇంకా భయం వేసింది. ప్రమాదం లేదని ప్రకటించేదాకా మా ఆవిడ నా మొహం చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. వెటకారం రాసుకునేవాడికి ఏడుపేమిటని మీరు నవ్వుకున్నా సరే.

నీళ్లు మా వీధిలోకి పాదాలు మునిగేంత వచ్చి తిరిగి వెళ్లాయి. ఇళ్లలో ఉన్నవాళ్లెవరికీ ఏమీ కాలేదు. అది మా కమిటీ గొప్పతనం కాదు, సముద్రం దయ. ఇంటికి వస్తే తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"అత్తయ్యా, నేను! తలుపు తియ్యండి!"

"అయిపోయిందా బాబూ? ఇప్పుడు బయటికి రావచ్చా?"

గడియ తీశారు. గదిలో నిలిచిపోయిన నీళ్లలో చెప్పులు తేలుతున్నాయి. ఆవిడ చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. మా ఆవిడ వాళ్లమ్మను పట్టుకుని బావురుమంది.

"ఇది డ్రిల్లు కాదమ్మా! నిజంగా వచ్చింది! నీకు తెలియలేదా?"

"తెలియకేం? మంచం ఊగినప్పుడే తెలిసింది. నన్ను చూస్తే బాబు ఆగిపోతాడని, వెంటనే గడియ పెట్టేసుకున్నానే."

డ్రిల్లులతో జనం ఏమీ నేర్చుకోరని వాదించే పెద్దలారా, ఇప్పుడేమంటారు? మా అత్తయ్య పాఠం పొల్లుపోకుండా నేర్చుకున్నారు. ఆవిడ కంటే బాగా నేను నేర్చుకున్నాను. తను ఎదురుపడి ఉంటే నేను ఆగేవాణ్నేనని అత్తయ్య ఇప్పటికీ నమ్ముతున్నారు.