మామగారి భోజనం ఇంకా కాలేదు

మామగారి సంవత్సరీకం రోజున వాన్‌లింగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే పూజబల్ల తుడవాలి. పదకొండింటికి దుకాణం తెరవగానే పిజ్జా తేవాలి. పదకొండున్నరకి అగరొత్తులు వెలిగించి, పన్నెండున్నరకి, పోయినవాళ్ళకి డబ్బుగా చేరే బంగారు కాగితాలు కాల్చి, ఒంటిగంటకి అందరూ భోజనానికి కూర్చోవాలి. జియాయి ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ జరిగేదే ఇది, ఆ పిజ్జా తప్ప.

మామగారు తియెన్‌షుయ్ నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. ఏ వస్తువైనా విప్పి లోపల ఏముందో చూడందే ఆయనకి తోచేది కాదు. ఆ గుణం నాలుకకీ పాకింది. ‘నవ్వులపొయ్యి’ అనే పిజ్జా దుకాణాల వాళ్ళు ప్రతి నెలా ఒకటో తారీఖున ఒక కొత్త రకం ప్రకటిస్తారు. ఓ నెల సగ్గుబియ్యం ఉండలు, ఓ నెల దూరియన్ పండు. ప్రకటన నిజమో వేళాకోళమో దుకాణానికి వెళ్తేగానీ తెలియదు. అక్కడ వరుసలో మొదట నిలబడేది పెద్దాయనే.

అత్తగారు ఛున్‌మెయ్ మాత్రం ఏనాడూ ఒక్క ముక్క నోట పెట్టలేదు. “ఒక్క ముక్క తిని చూడవే” అని ఆయన బతిమాలేవాడు. “నాకింకా మతి పోలేదు” అని ఆవిడ తీసిపారేసేది. కిందటేడు ఇదే నెలలో ఆయన కంపు టోఫూ పిజ్జా తెచ్చాడు. వీధి చివర చెత్తబండి పాట వినబడగానే ఆవిడ పెట్టెతో సహా పట్టుకెళ్ళి బండిలో పడేసి వచ్చింది. ఆయన మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున గుండె ఆగిపోయింది. ఆ పిజ్జా సంగతి ఆవిడ ఏడాదిగా ఎత్తలేదు, ఎత్తే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

అలాంటిది, వారం కిందట చిక్కుళ్ళు ఒలుస్తూ ఆవిడే అడిగింది. “ఈసారి ఆయనకి ఆ పిచ్చిరొట్టె పెడితే తింటాడంటావా?”

“తింటారు అత్తయ్యా” అంది వాన్‌లింగ్. ఆయన తిన్నాడని అత్తగారికి నమ్మకం కుదరాలి, ఆవిడ మనసు కాస్త కుదుటపడాలి. ఆ రోజు నుంచి వాన్‌లింగ్‌కి ఇంకేమీ పట్టలేదు.

ఆడపడుచు షూఫెన్ ఉడికించిన కోడిని గిన్నెలో పెట్టుకుని వచ్చేసరికి పూజబల్ల మీద రెండు పిజ్జాలున్నాయి. ఒకటి కొంటే ఒకటి ఉచితం కాబట్టి ఒకటి తేవడం కుదరలేదు. నల్లగా ఊరబెట్టిన బాతుగుడ్డు ముక్కలు, వాటి మీద దట్టంగా కొత్తిమీర. పెట్టె మూత మీద పెద్ద అక్షరాలతో, ‘మీరు మళ్ళీ వస్తారు, మాకు తెలుసు’ అని అచ్చువేసి ఉంది.

“పోయినవాళ్ళ ముందు పెట్టే మాటేనా ఇది?” అంటూ షూఫెన్ ఆ మూత మీద తువ్వాలు కప్పింది. “నాన్న దీన్ని ముట్టకపోతే ఆ పాపం నీదేనమ్మాయ్. వచ్చే ఏడు నుంచి వంట నాది.”

“ముందు ఆయన్ని తిననివ్వండి వదినా” అంది వాన్‌లింగ్.

అగరొత్తులు సగం కాలాక అత్తగారు రెండు నాణేలు తీసుకుని ఫొటో ముందు నిలబడింది. భోజనం అయిందా అని పోయినవాళ్ళని అడిగి నాణేలు వేయడం ఆనవాయితీ. ఒకటి బొమ్మ, ఒకటి అంకె పడితే ఆయన అవునన్నట్టు. రెండూ అంకెలైతే లేదన్నట్టు. రెండూ బొమ్మలైతే నవ్వి ఊరుకున్నట్టు. అవునంటేనే భోజనం ముగిసినట్టు, అప్పుడే కాగితాలు కాల్చాలి. ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. నాణేలు నేల మీద దొర్లి ఆగాయి. రెండూ అంకెలే.

“ఇంకా తింటున్నాడు” అన్నాడు వాన్‌లింగ్ భర్త జెన్‌హావ్. “కొత్త రకం కదా, నిదానంగా తింటాడు.”

ఇంకో అగరొత్తి వెలిగించారు. మళ్ళీ లేదనే పడింది. కారప్పొడి పెట్టలేదని షూఫెన్‌కి గుర్తొచ్చింది. పెట్టారు. మూడోసారీ లేదే. నాలుగోసారి రెండూ బొమ్మలు పడ్డాయి.

“నవ్వుతున్నాడు” అన్నాడు జెన్‌హావ్.

“ఎవర్ని చూసి?” అంది షూఫెన్, వాన్‌లింగ్ వైపు చూస్తూ.

వాన్‌లింగ్ ఆ చూపు పట్టించుకోలేదు. అత్తగారి ముఖమే చూస్తోంది. ఆవిడ ఎవరి వైపూ చూడకుండా మళ్ళీ నాణేలు ఏరుకుంటోంది. తానే ఈ పిజ్జా పెట్టించి ముసలావిడ గుండెలో పుండు కెలికానేమోనని వాన్‌లింగ్‌కి భయం పట్టుకుంది. ఐదోసారీ లేదు.

జెన్‌హావ్‌కి అప్పుడు తట్టింది. “నాన్న పోయాక పన్నెండు ఒకటో తారీఖులు గడిచాయి. పన్నెండు కొత్త రకాలొచ్చాయి. ఒక్కటి రుచి చూపించి లెమ్మంటే ఆయనెలా లేస్తాడు?”

ఈ మాట ఎంత సబబుగా తోచిందంటే, షూఫెన్ కూడా కాదనలేదు. జెన్‌హావ్ స్కూటరు మీద వెళ్ళి, పాత రకాల్లో దొరికిన రెండు కొన్నాడు. ఉచితాలతో కలిపి నాలుగయ్యాయి. కాకరకాయది, వేరుశనగ హల్వాది. ఆరోసారి నాణేలు వేస్తే మళ్ళీ లేదు. అతను మళ్ళీ వెళ్ళాడు. ఈసారి దూరియన్‌తో వచ్చాడు.

“దుకాణంలో అమ్మాయి, ఇంట్లో అంత ఆకలి మీద ఎవరున్నారండీ అని అడిగింది” అన్నాడు పెట్టెలు దించుతూ. “మా నాన్న అన్నాను. వయసెంతండీ అంది. పోయి ఏడాదయింది అన్నాను. తర్వాత గుప్పెడు కారప్పొడి పొట్లాలు సంచిలో వేసి, ఇవి మా తరఫున పెట్టండి అంది.”

పూజబల్ల చాలక మడతబల్ల వేశారు. అదీ చాలక కుట్టుమిషను లాక్కొచ్చారు. ఎనిమిది పిజ్జాలు. దూరియన్ వాసన, అగరుపొగ కలిసి వీధిలోకి వెళ్ళాయి. ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. ‘మీరు మళ్ళీ వస్తారు’ అనే మూతలన్నిటికీ కప్పడానికి ఇంట్లో తువ్వాళ్ళు చాలలేదు. రెండున్నర అయింది, ఎవరి కడుపులోనూ మెతుకు లేదు. ఏడోసారి నాణేలు పడ్డాయి. రెండూ అంకెలే.

షూఫెన్ వంటింట్లోకి వెళ్ళి కోడి గిన్నె పట్టుకొచ్చింది. “ఇక చాలు. నాన్నకి ఈ గడ్డి వద్దు. వంద పెట్టినా తినడు.”

అత్తగారు తలెత్తింది. “తిన్నాడో లేదో నీకెలా తెలుసు?”

“ఏడుసార్లు అడిగావు కదమ్మా. ఓసారి నవ్వాడు, ఆరుసార్లు లేదన్నాడు.”

“తిన్నావా అని నేనెప్పుడు అడిగాను?”

జెన్‌హావ్ చేతిలో ఇంకా దూరియన్ పెట్టె మూత ఉంది.

“మరి ఏం అడుగుతున్నారు అత్తయ్యా?” అంది వాన్‌లింగ్ మెల్లగా.

ఆవిడ నాణేల వైపే చూస్తూ చెప్పింది. “చెత్తబండిలో పడేశాను కదా. ఇంకా కోపంగా ఉందా అని అడుగుతున్నాను.”

జెన్‌హావ్ ఎనిమిది పెట్టెల్నీ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. షూఫెన్ గిన్నె కింద పెట్టింది. “లేదంటున్నాడు కదమ్మా. ఆరుసార్లు చెప్పాక ఇంకా ఎందుకు అడుగుతావు?”

“మీ నాన్న సంగతి నీకేం తెలుసే. కోపం ఉన్నప్పుడు కూడా లేదనే అనేవాడు.”

వాన్‌లింగ్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండూ దిగమింగి అత్తగారి పక్కన కూర్చుంది. “మనిషైతే మనసులో ఒకటి పెట్టుకుని పైకొకటి అంటాడు. నాణేలకి ఆ అలవాటు ఉండదు అత్తయ్యా. భోజనం అయిందేమో ఒక్కసారి అడగండి.”

ఆవిడ ఈసారి పైకే అడిగింది. “ఏమయ్యా, తిన్నావా?” ఒకటి బొమ్మ, ఒకటి అంకె. తిన్నాడు. ఎప్పుడు తిన్నాడో ఎవరూ అడగలేదు. బహుశా పదకొండున్నరకే తిని, అప్పట్నుంచి వీళ్ళ తమాషా చూస్తున్నాడు. నాలుగోసారి నవ్వింది అందుకేనని జెన్‌హావ్ అన్నాడు.

కాగితాలు కాల్చి వచ్చాక అత్తగారు నల్లగుడ్డు పిజ్జా నుంచి ఒక ముక్క తీసి, ముందూ వెనకా తిప్పి చూసి, కొస కొరికింది. పెద్దాయన జీవితమంతా ఎదురుచూసిన ఆ క్షణం కోసం ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ఆవిడ చాలాసేపు నమిలింది.

“చప్పగా ఉంది” అంది చివరికి. “రుచంతా ఆయనే తినేశాడు.”

అలా అంటూనే కాకరకాయది దగ్గరకి లాక్కుంది. ఆ తర్వాత వేరుశనగ హల్వాది. దూరియన్ మాత్రం సగం దగ్గర ఆపి, కళ్ళు తుడుచుకుని, మిగతాది అయిపోగొట్టింది. వాన్‌లింగ్‌కి గుండె తేలికపడింది. షూఫెన్ తెచ్చిన కోడిని రెండు రోజులు షూఫెన్ ఇంట్లోనే తిన్నారు.

మరుసటి నెల ఒకటో తారీఖున, ఏ సంవత్సరీకమూ లేకపోయినా, మామగారికి ఆకలేస్తోందని నాణేలు చెప్పాయి. ప్రశ్న ఏమని అడిగిందో మాత్రం అత్తగారు చెప్పలేదు.