పిల్లి లేని కార్తీకం

పెరట్లో కోళ్లు పెంచుకునే ప్రతి ఇంటికీ ఒక దొంగపిల్లి ఉండి తీరాలి. లేనివాళ్లకు పంచాయతీ వారే ఇంటికొకటి చొప్పున సరఫరా చెయ్యాలి!

నవ్వకండి. ఇది కోళ్లంటే గిట్టనివాడు అన్న మాట కాదు. కంకిపాడు బజారులో తండ్రి పెట్టిన బట్టల కొట్టును తమ్ముడితో కలిసి నడుపుతున్న అంకమ్మరావు, లాభం ఒక పక్కనా నష్టం ఒక పక్కనా పెట్టి తూచి తేల్చిన మాట. చీర అంచు వేలితో నలిపి అది ఎన్ని ఉతుకులకు వెలిసిపోతుందో చెప్పగల మనిషి. అలాంటివాడు పిల్లి విషయంలో ఊరికే మాట జారతాడా?

నిజానికి మొన్న దీపావళి దాకా అంకమ్మరావు కూడా మీలాగే ఆలోచించాడు. పిల్లి అంటే నష్టం అనుకున్నాడు. ఎంత అమాయకుడో చూడండి.

వాళ్లది ఉమ్మడి కుటుంబం. తల్లి చౌడేశ్వరమ్మ, అంకమ్మరావు, అతని భార్య మల్లీశ్వరి, తమ్ముడు భానుచందర్, ఆ తమ్ముడి భార్య జ్యోతిర్మయి. ఒకటే కొట్టు, ఒకటే పొయ్యి, పెరట్లో ఒకటే కోళ్లగూడు. పొయ్యి ఒకటిగా ఉన్నంతకాలం కొట్టు కూడా ఒకటిగానే ఉంటుందని తండ్రి పోతూ పోతూ చెప్పాడు. కోళ్లగూడు గురించి ఆయన ఏమీ చెప్పలేదు. పెద్దవాళ్లు అన్నీ చెప్పి పోరు, అదే మన ఖర్మ.

ఆ గూటికి ఒక బూడిదరంగు పిల్లి మరిగింది. సగం చెవి లేదు, సిగ్గు అసలే లేదు. చౌడేశ్వరమ్మ పొదిగించిన కోడిపిల్లల్ని పట్టపగలు నోట కరుచుకుని, ఆవిడ కళ్లలోకి చూస్తూ గోడెక్కేది. గుడ్లు దాచిన తవుడు బుట్ట రోజూ కొంత తేలికయ్యేది. "మాయదారి పిల్లి" అని ఇంటిల్లిపాదీ ఒకే గొంతుతో తిట్టేవాళ్లు. అయిదుగురు ఒకే మాట మీద ఉండటం ఈ రోజుల్లో ఎంత అరుదో మీకు తెలియదా? అప్పుడు వాళ్లకూ తెలియలేదు.

భానుచందర్ యూట్యూబ్ తిరగేశాడు. పిల్లికి బత్తాయి తొక్కల వాసన పడదని ఒక వీడియోలో చెప్పారు. గూడు చుట్టూ తొక్కలు పరిచాడు. పిల్లి వాటి మీంచి దూకింది, చౌడేశ్వరమ్మ వాటి మీద జారింది. మిరియాల పొడి చల్లమని మరో వీడియో. కోళ్లు ఆ పొడంతా గీరి చల్లుకుని రెండు రోజులు తుమ్మాయి. మనిషి గొంతు వినిపిస్తే పిల్లి రాదని ఇంకొకాయన చెబితే గూటి పక్కన రేడియో పెట్టాడు. పిల్లి దాన్ని ఆనుకుని పడుకుని రైతులకు సూచనలు మొత్తం విన్నది. సెన్సారు పెట్టి నీళ్లు చిమ్మే యంత్రం ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాడు. అది పిల్లిని వదిలేసి పాలవాణ్ణి తడిపింది.

మరి కొట్టి చంపొచ్చు కదా అంటారేమో. అయ్యో, పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానం ఇవ్వాలి! బంగారం ఇప్పుడున్న ధరకు ఆ పాపం చేసే స్తోమత మధ్యతరగతి వాడికి ఎక్కడిది?

కనుక మిగిలింది మన డెల్టా వాళ్లకు తాతల నాటి నుంచీ తెలిసిన ఒకే ఒక్క వైద్యం. పిల్లిని గోనెసంచిలో వేసి కాలువ దాటించడం. నీళ్లు దాటిన పిల్లి తిరిగి రాదు. అవతలి ఒడ్డు వాళ్ల సంగతేమిటి అని అడగకండి. అవతలి ఒడ్డు ఉన్నదే అందుకు. మన చెత్త ఎక్కడికి పోతోంది? మనం వద్దన్న ఆఫీసరు ఎక్కడికి బదిలీ అవుతున్నాడు? అంతా కాలువ అవతలికే కదా!

కార్తీకం రేపనగా మధ్యాహ్నం, అంకమ్మరావు ఎండుచేప ఎర చూపి పిల్లిని సంచిలోకి దింపాడు. స్కూటరు ముందు పెట్టుకుని కాలువ వంతెన ఎక్కాడు. సరిగ్గా నడుమకు వచ్చేసరికి అవతలి ఊరి రైతు వెంకటకృష్ణారావు మోటార్ సైకిల్ మీద ఎదురయ్యాడు. ఆయన కొట్టుకు పాత ఖాతాదారు. ఆయన ముందు కూడా ఒక సంచి ఉంది. అది కూడా మ్యావ్ అంది.

ఇద్దరూ బండ్లు ఆపారు. పంట ఎలా ఉందని ఈయన అడిగాడు, మంగళగిరి రకాలు వచ్చాయా అని ఆయన అడిగాడు. సంచుల గురించి ఎవరూ మాట్లాడలేదు. మర్యాదస్తులు కదా. సంచులు రెండూ మాత్రం ఒకదాన్నొకటి చాలాసేపు తిట్టుకున్నాయి. తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లి, ఎదుటివారి ఊళ్లో సంచి మూతి విప్పి వచ్చారు.

ఇంటికి రాగానే అంకమ్మరావుకు తల్లి పాయసం పెట్టింది. మర్నాటి నుంచి కార్తీకం. ఆ ఇంట్లో నియమమంటే నియమమే. మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు, ఆఖరికి ఉల్లిపాయ కూడా లేదు. తినేవాళ్లు లేరు, పిల్లి లేదు. కోళ్లు మాత్రం వాటికి పంచాంగం తెలియదు కనుక పెడుతూనే ఉంటాయి. నెల తిరిగేసరికి బుట్ట నిండుతుందని, రెండు పెట్టల్ని ఒకేసారి పొదగేస్తానని చౌడేశ్వరమ్మ వీధంతా చెప్పి వచ్చింది.

బుట్ట నిండలేదు.

నిండకపోగా అడుగు తవుడు కనిపించసాగింది. మొదట్లో పాము అన్నారు. తర్వాత ముంగిస అన్నారు. గూటికి కొత్త తలుపు పెట్టించి, బుట్టను వంటింటి అటక మీదికి చేర్చారు. అయినా గుడ్లు తగ్గుతూనే ఉన్నాయి. అటక ఎక్కి, మూత తీసి, మళ్లీ జాగ్రత్తగా మూత పెట్టి దిగే ముంగిసను ఎవరైనా చూశారా?

ఒక ఇంట్లో అందరూ గుడ్డు మానేసి, పిల్లి కూడా లేకపోతే, ఆ గుడ్లు ఏమవుతున్నాయన్న ప్రశ్న చాలా ప్రమాదకరమైనది. అది పిల్లి ఉన్నంతకాలం ఎవరికీ రాలేదు. ఇప్పుడు మల్లీశ్వరి తోడికోడలి గది వైపు చూడసాగింది. జ్యోతిర్మయి బావగారు చెయ్యి కడుక్కునే తీరు గమనించసాగింది. భానుచందర్ గిన్నెల దగ్గర నిలబడి ఊపిరి గట్టిగా పీల్చి చూశాడు. చౌడేశ్వరమ్మ తులసికోట దగ్గర దీపం పెడుతూ, నియమం తప్పినవాళ్ల చూపు పోవాలని దేవుడికి గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పింది. ఆ వెంటనే ఎందుకో ఒక్క క్షణం ఆగి, మరీ పూర్తిగా వద్దులే స్వామీ అని సవరించుకుంది.

మాట అక్కడితో ఆగలేదు. కోళ్లు వేరు చేసుకుందామంది మల్లీశ్వరి.

"కోళ్లే ఎందుకక్కా, పొయ్యి కూడా వేరు చేసేద్దాం. ఎవరి గిన్నె వాసన వాళ్లకే ఉంటుంది," అంది జ్యోతిర్మయి.

ఆ సాయంత్రం కొట్లో భానుచందర్, చీరల బీరువాకూ రెడీమేడ్ అరలకూ మధ్య ఖాళీని చాలాసేపు కళ్లతో కొలిచి, అన్నను చూడకుండా అడిగాడు. "ఇక్కడ ప్లైవుడ్ గోడ వేస్తే ఎలా ఉంటుందన్నయ్యా?"

అంకమ్మరావు మనసులోనే లెక్క వేసుకున్నాడు. సగం కొట్టు అంటే సగం వ్యాపారం అనుకునేరు. కాదు. పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు చీర ఒకచోట, చొక్కా ఒకచోట బేరమాడరు. ఏకంగా బెజవాడ బస్సెక్కుతారు. గోడ లేచిన రోజు రెండు కొట్లూ మూతపడతాయి. ఇదంతా దేనికి? తవుడులో దాచిన కోడిగుడ్ల కోసం!

ఇక్కడ అంకమ్మరావు గురించి ఒక చిన్న విషయం చెప్పుకోవాలి. అతనికి నడుంనొప్పి. కార్తీకంలో గుడ్డు తినకూడదన్నది నిజమే గానీ, మందుగా పుచ్చుకుంటే దోషం లేదని అతనికి అతనే ఎప్పుడో చెప్పుకున్నాడు. అందుకని రోజూ కొట్టుకు వచ్చేటప్పుడు చేతిరుమాల్లో ఒక గుడ్డు చుట్టుకుని, సందు చివర శౌరయ్య టిఫిన్ బండి దగ్గర ఆగేవాడు. శౌరయ్య ఇంట్లో కార్తీకం లేదు. అయితే ఒక్కడు తినే గుడ్లకు బుట్ట అడుగు కనిపించదని అంకమ్మరావు లెక్క. మిగతాది మరెవరో తింటున్నారని అతనికి నిజంగానే కోపం కూడా వచ్చింది.

ప్లైవుడ్ మాట విన్న మర్నాడు శౌరయ్య ఆమ్లెట్ తిరగేస్తూ మెల్లగా అన్నాడు. "అన్నదమ్ములిద్దరూ ఒకేసారి రాకూడదండీ? ఒకరికి తెలీకుండా ఒకరికి వెయ్యడానికి నా ప్రాణం పోతంది. ఆయనకీ నడుంనొప్పేనంట."

అంకమ్మరావు నమలడం ఆపేశాడు. కానీ వ్యాపారి బుర్ర ఆగదు కదా. ఈ నెలలో మల్లీశ్వరి జుట్టు, జ్యోతిర్మయి జుట్టు కూడా కొత్త పట్టులా ఎందుకు మెరుస్తున్నాయో అతనికి తట్టింది. గుడ్డు తలకు రాసుకుంటే తిన్నట్టు కాదు మరి. ఇంట్లో ఎవరు తుమ్మినా తల్లి గుడ్డుతో దిష్టి తీసి మూడు దారుల కూడలిలో పారేసి వస్తున్న సంగతీ గుర్తొచ్చింది. అదీ తిన్నట్టు కాదు. ఎవరి దగ్గర చూసినా దోషం లేని కారణమే ఉంది. బుట్టలో మాత్రం గుడ్లు లేవు.

అప్పుడు వెలిగింది అతనికి అసలు సంగతి. బట్ట కోసినప్పుడల్లా కొంత తరుగు పోతుంది. ఆ పీలిక ఎక్కడికి పోయిందని ఏ కొట్లోనూ ఎవరూ అడగరు, తరుగు అనేసి ఊరుకుంటారు. కొట్లు నిలబడేది ఆ ఒక్క మాట మీదే. ఇంట్లో ఆ మాట పేరు పిల్లి! దాన్ని చేతులారా సంచిలో వేసి కాలువ దాటించి వచ్చాడు. తరుగు ఇంట్లోనే ఉండిపోయింది, దాని పేరు మాత్రం అవతలి ఒడ్డుకు పోయింది.

వెంటనే స్కూటరు తీశాడు. అదే గోనెసంచి పెట్టుకుని వెంకటకృష్ణారావు ఇంటికి వెళ్లాడు. సగం చెవి పిల్లి ఆ ఇంటి అరుగు మీద నిండు ఎండలో బార్లా పడుకుని ఉంది. బాగా ఒళ్లు చేసింది. వెంకటకృష్ణారావు భార్య కనకలక్ష్మి మంచినీళ్లు ఇచ్చి, సంచి వైపు చూసి, పిల్లికి అడ్డంగా కూర్చుంది.

అంకమ్మరావు బేరం మొదలుపెట్టాడు. అది తమ పిల్లేనన్నాడు. పిల్లలు బెంగ పెట్టుకున్నారన్నాడు. తమ ఇంట్లో పిల్లలు లేరన్న సంగతి ఆవిడకు తెలియదనుకున్నాడు. చివరికి ఒక జాకెట్టు ముక్క కూడా ఇస్తానన్నాడు. ఆవిడ అన్నీ విన్నది.

"మీదే కావచ్చు అన్నయ్యగారూ. మా పిల్లిని మా ఆయన మీ ఊళ్లో వదిలేసి వచ్చారు. నాలుగు రోజులు తిరక్కుండా మా అత్తగారికీ నాకూ మాటల్లేవు. దేవుడిలాగా ఇదొచ్చి అరుగెక్కింది. ఇప్పుడు తీసుకెళ్తానంటే ఎలాగండీ? మాదీ కార్తీకమే కదా."

అలాంటి మాటకు బేరం ఏముంటుంది? ఖాళీ సంచితో తిరిగొచ్చాడు. వాళ్లు వదిలేసిన పిల్లైనా దొరుకుతుందేమోనని ఊళ్లోని సందులన్నీ వెతికాడు. దొరకలేదు. ఎవరో అదృష్టవంతులు అప్పటికే తీసుకుపోయి ఉంటారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ప్లైవుడ్ పనివాణ్ణి సాయంత్రం రమ్మన్నానని భానుచందర్ పప్పులోకి చూస్తూ చెప్పాడు. అంకమ్మరావు నెయ్యి వేసుకుని, ముద్ద కలిపి, అతి మామూలుగా అన్నాడు.

"పిల్లి మళ్లీ వచ్చిందర్రా. గూటి పక్కన కనపడింది."

చేతులన్నీ ఆగిపోయాయి. ముందు తేరుకున్నది జ్యోతిర్మయి. "నేను నిన్ననే చూశాను బావగారూ. అక్క కంగారు పడుతుందని చెప్పలేదు." మల్లీశ్వరి తాను మొన్ననే చూశానంది, అటక మీంచి దూకుతుంటే. బాగా చిక్కిపోయిందని ఆవిడ అంటే, బాగా లావెక్కిందని భానుచందర్ అన్నాడు. రెండూ నిజమేనని అందరూ ఒప్పుకున్నారు. కాలువ ఈదుకుంటూ వచ్చిందని, ఒళ్లంతా తడిగా ఉంటే తానే పాత చీరతో తుడిచానని చౌడేశ్వరమ్మ కళ్లు ఒత్తుకుంది.

"మాయదారి పిల్లి," అని అయిదుగురూ ఒకే గొంతుతో తిట్టారు. ఎన్నాళ్లకో ఆ ఇంట్లో వాళ్లు కలిసి నవ్వారు. సాయంత్రం ప్లైవుడ్ పనివాడు వస్తే టీ ఇచ్చి పంపేశారు.

ఆ రోజు పొద్దుగూకే వేళ చౌడేశ్వరమ్మ ఒక గిన్నెలో పాలు పోసి గూటి పక్కన పెట్టింది. అంకమ్మరావుకు భయం పట్టుకుంది. పొద్దున్నే ఆ పాలు అలాగే ఉంటే పిల్లి లేదని తేలిపోదూ? అందుకని తెల్లారుతుండగానే, అందరికంటే ముందు లేచి, తానే తాగేద్దామని చప్పుడు చెయ్యకుండా పెరట్లోకి వెళ్లాడు.

గిన్నె అప్పటికే ఖాళీ.

పిల్లి లేదే అని దిగులు పడేవాళ్లకు ఇది శుభవార్త. ఆ ఇంట్లో ఇప్పటికీ పొయ్యి ఒకటే, కొట్టు ఒకటే. పిల్లులే అయిదు.