గ్లోరియా అన్‌ఫిట్

ఆ శనివారం పొద్దున రెజీనా అనుకున్నది ఒక్కటే. ఎండుచేపలు వేయించి పప్పుచారు పెట్టాలని. భర్త అంద్రెయ మొదటి షిఫ్టుకు గనికి వెళ్ళాడు. గోదావరిఖని క్వార్టర్లో ఆమె పెనంలో చేపలు వేసిందో లేదో కూతురు గ్లోరియా ఫోన్ చేసింది.

గ్లోరియా హైదరాబాదులో ఒక మ్యూజియంలో పాత నాణేల గదికి అధికారి. అరిగిపోయిన కాసులను భూతద్దంలో చూసి, ఏ రాజువో, ఎప్పటివో తేల్చడం ఆమె పని. దాని మీద పెద్ద చదువు చదివింది, వ్యాసాలు రాసింది. కానీ ఆ గదికి జనం రారు. వచ్చినవాళ్ళు బాత్రూమ్ ఎటని అడిగి వెళ్ళిపోతారు. ఎవరూ లేనప్పుడు లైట్లు వేయొద్దని పైనుంచి ఆదేశం. అందుకని ఆమె రోజంతా ఒక్క టేబుల్ లైటు కింద కూర్చుంటుంది. ఇప్పుడు ఆ గదిని ఉంచాలా, మూసేయాలా అని సోమవారం మ్యూజియం బోర్డు తేల్చబోతోంది.

"అమ్మా, సోమవారం బోర్డు కూసుంటది. నా గదిని అన్‌ఫిట్ అంటరేమో. ఇన్నేండ్లల్ల నా దిక్కు చూసినోళ్ళే లేరు. భయమైతంది."

సరిగ్గా "నా గదిని" అన్నచోట గని సైరన్ మోగింది. ఆ ఒక్క మాట రెజీనాకు వినపడలేదు.

బొగ్గుగనుల ఊళ్ళో బోర్డు అంటే మెడికల్ బోర్డే. కార్మికుడికి తగ్గని జబ్బు చేస్తే అన్‌ఫిట్ అని రాస్తుంది. కొలువు ఇంట్లో ఇంకొకరికి పోతుంది. రెజీనా చేతిలో గరిటె జారిపడింది. ఏం జబ్బని అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం.

పక్కింటి అనసూర్య గోడ మీంచి తొంగిచూసింది. "ఏందక్కా, చేపలు మాడుతున్నయి?"

"మాడితే మాడనియ్యే. నా బిడ్డ అన్‌ఫిటట!"

"అయ్యో! ఏమైందట?"

"ఇన్నేండ్ల సంది ఆ చిన్నచిన్న బిళ్ళలు చూసుడే గద పని. ఇంకేమైతది? కండ్లే!"

మధ్యాహ్నానికి గ్లోరియాకు ఒక కన్ను పోయింది. సాయంత్రం ప్రార్థన కూడిక వేళకు రెండోదీ పోయింది. ఆదివారం మందమర్రి నుంచి రెజీనా తమ్ముడు నతానియేలు, తన కొడుకు సర్టిఫికెట్లు పట్టుకొని దిగాడు.

"ఏడ్వకక్కా. దానికి పెండ్లి లేకపాయె, పిల్లలు లేకపాయె. ఆ కొలువు మా గిడియోన్‌కు పెట్టియ్యమను. బయటోళ్ళకు పోవుడెందుకు?"

"మేనకోడలి కండ్లు పోతే నీకు కొలువు యాదికొచ్చిందారా?"

"కండ్లు దేవుని చేతిల ఉన్నయి. కొలువన్న మన చేతిల ఉండాలె గద!"

ఒకసారి ఫోన్ చేసి అడుగుదామన్నాడు అంద్రెయ. "వద్దు. గుండె పగులుతది. పోయి చూద్దాం" అంది రెజీనా.

సోమవారం మినీబస్సు నిండా వాడకట్టంతా మ్యూజియం ముందు దిగింది. చీకటి గదిలో టేబుల్ లైటు ముందు గ్లోరియా ఒక్కతే ఉంది. అంతమందిని చూసి లేచి నిలబడింది. ఆ గదిలోకి తన కోసం వచ్చిన మనుషులను ఆమె ఎన్నడూ చూడలేదు. కళ్ళు నిండాయి.

"కండ్లెంబడి నీళ్ళు కారుతున్నయి! నిజమేనే!" రెజీనా గుండె బాదుకొని మూడు వేళ్ళు చూపించింది. "ఎన్ని బిడ్డా?"

"మూడు. ఏందమ్మా ఇది? ఎవరన్న పోయిండ్రా?"

"చూసి చెప్పిందా, అందాజకు చెప్పిందా?" అని అనసూర్య అనుమానపడింది.

అసలు సంగతి తేలాక నతానియేలు సర్టిఫికెట్లను చొక్కా లోపలికి దోపుకున్నాడు. బస్సు సాయంత్రం దాకా కదలదు. ఏం చేయాలో తోచక అనసూర్య ఒక గాజుపెట్టె మీద వేలు పెట్టింది. "ఇదేంది బిడ్డా?"

"మన గోదారి ఒడ్డున కోటిలింగాల కాడ దొరికింది చిన్నమ్మా. ఆగు, కనపడుతలేదు" అని గ్లోరియా గదిలోని లైట్లన్నీ వేసింది. "ఇగో, ఏనుగు. తొండం చూడు."

"మన కాడిదేనా? ఏదీ, జరుగుండ్రి!"

అందరూ అద్దాల మీద పడ్డారు. అప్పుడే వచ్చిన బోర్డు సభ్యులకు లోపల నిలబడే చోటు దొరకలేదు.

బోర్డు గదిని మూయలేదు. ఇంత జనానికి ఆ గది చాలదని నాణేలను పెద్ద హాలుకు మార్చి, కూర్చోవడానికి ముప్పై కుర్చీలు వేయించింది.

హాలు తెరిచిన రోజు రెజీనా ఫోన్ చేసింది. "అంత పెద్ద హాల్ల ఒక్కదానివే ఉన్నవా బిడ్డా?"

"ఒక్కదాన్నెందుకమ్మా, ముప్పై కుర్చీలున్నయి."