క్యూ లేని కొళాయి

ఖరిదా వీధి కొళాయి దగ్గర ఇకమీదట మనిషన్నవాడు క్యూలో నిలబడే పని ఉండదని మా వార్డు కౌన్సిలర్ గణపతిరావు గారు ప్రకటించారు. ప్రకటన చేసేటప్పుడు ఆయన గొడుగు కింద కూర్చున్నారు. మేమంతా ఎండలో వరుసగా నిలబడి విన్నాం.

"ఇయాళ్టి నుండి మన కొళాయి డిజిటల్. యాప్ పేరు అమార్ కొళాయి," అన్నారాయన.

అమార్ అంటే బెంగాలీలో 'నా'. సగం బెంగాలీ, సగం తెలుగు, మా రైల్వే ఊరి లాగే. రెండు రకాల ఓట్లకూ ఒక్క పేరులోనే న్యాయం చేసిన నాయకుణ్ణి నేను అంతవరకు చూడలేదు. యాప్ లోపల మాత్రం అంతా ఇంగ్లీషే, కాబట్టి పక్షపాతం అనే మాటే లేదు. ఇంగ్లీషు రానివాళ్ల కోసం ఒక ఆడగొంతు కూడా పెట్టించారు. అది రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది.

కొళాయికి ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ సామాన్ల కొట్టు నాది. పాత పద్ధతి ఎలా ఉండేదో నాకన్నా తెలిసినవాళ్లు లేరు. తెల్లవారకముందే ఎవరి బకెట్ వాళ్లు తెచ్చి వరుసలో పెట్టి ఇంటికి పోయేవారు. బకెట్ ఉంటే మనిషి ఉన్నట్టే. చెవి విరిగిన బకెట్‌కు కూడా పరువుండేది, దాన్ని ఎవరూ పక్కకు నెట్టేవారు కాదు. నీళ్లు వచ్చాకే మనుషులు వచ్చేవారు. అంటే గణపతిరావు గారు రద్దు చేసిన క్యూలో అసలు ఎవరూ నిలబడేవారు కాదు. ఈ సంగతి చెప్పి ఆయన ఆనందం పాడు చెయ్యడం వల్ల నాకు కలిసొచ్చేదేమీ లేదు గనక చెప్పలేదు.

ఆ వరుసలో మొదటిది ఎప్పుడూ దోర్కమ్మ నీలం బకెట్. ఆవిడకు పూరీ గేట్ దగ్గర ఇడ్లీ బండి ఉంది. నీళ్లు ముందు పడితే రైల్వే వర్క్‌షాపు మొదటి షిఫ్టు వాళ్లు తిని వెళతారు. ఆలస్యమైతే వాళ్లు గేటు దాటిపోతారు, ఆ పూట పిండి పులుస్తుంది. ఆ బండి ఒక్కటే ఆవిడకు ఆధారం. నా లెక్కలో ఆవిడ మంచి మనిషే కాని మంచి బేరం కాదు. ఎప్పుడో కొన్న ఆ నీలం బకెట్ పగలనూ లేదు, ఆవిడ మళ్లీ నా కొట్టు మెట్లు ఎక్కనూ లేదు.

ప్రకటన కాగానే దోర్కమ్మ గొడుగు దగ్గరకు వెళ్లింది.

"బాబూ, నాది బటన్ల ఫోను. మరి నా బకెట్టో?"

"బకెట్‌కి ఇప్పుడు గుర్తింపు లేదమ్మా."

"నాకుందా?"

"పెద్ద ఫోనుంటే ఉంటాది."

"ఓటడగడానికొచ్చినప్పుడు ఫోను సూపమన్లేదు గదా."

"అది పాత సిస్టమ్," అన్నారు గణపతిరావు గారు ఎంతో ఓర్పుగా.

దోర్కమ్మ తమ్ముడు సిరిల్ దగ్గర అద్దం పగిలిన పెద్ద ఫోనొకటి మూల పడి ఉంటే తెచ్చుకుంది. యాప్ ఎక్కించబోతే జాగా లేదంది. సిరిల్ పిల్లల బాప్తిస్మం ఫోటోలు తీసేస్తే జాగా వచ్చింది. అప్పుడు అప్‌డేట్ కావాలంది. అప్‌డేట్ అయ్యాక, ఆ రోజు వరుస నంబరు కోసం ఓటీపీ పంపానంది. ఆ ఓటీపీ సిరిల్ నంబరుకు వెళ్లింది. సిరిల్ గూడ్సు గార్డు. ఆ సమయంలో బొగ్గు బండి వెనక, టవర్లు అందని చోట ఉన్నాడు. అతను ఏదో స్టేషన్ చేరి ఓటీపీ చదివి చెప్పేసరికి దాని గడువు తీరిపోయింది. రోజూ ఇదే తంతు. సిరిల్ బండి ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టి పూరీ గేట్ దగ్గర ఇడ్లీ ఉంటుందో లేదో తేలేది. ఒక ఆడమనిషి టిఫిన్ బండిని రైల్వే ట్రాఫిక్‌తో ఇంత దగ్గరగా ముడిపెట్టిన ఘనత మా వార్డుదే.

యాప్‌కు ఒక నిబంధన ఉంది. నంబరు దొరికిన ఫోను కొళాయికి పది అడుగుల లోపలే ఉండాలి. దూరం నుంచి ఎవరూ మోసం చెయ్యకుండా ఈ ఏర్పాటు. కొంతసేపటికోసారి ఆడగొంతు "మీరు ఇంకా ఉన్నారా?" అని అడుగుతుంది. "ఉన్నాను" అని నొక్కకపోతే నంబరు చివరికి పోతుంది. వంతు వచ్చిన ఫోను చూపిస్తే కొళాయి దానంతటదే తెరుచుకుంటుంది.

మొదటి రోజు జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఖరిదా చరిత్రలో మనుషులు క్యూ కట్టడం అదే మొదలు. మర్నాడు తెలివి తెచ్చుకుని, ఫోన్లు బకెట్లలో పెట్టి ఇళ్లకు పోయారు.

మరి "ఉన్నాను" అని ఎవరు నొక్కాలి? ఆ పని జగ్గారావుకు అప్పగించారు. జగ్గారావు నిమ్‌పురా యార్డులో ఆగిన బండ్ల చక్రాలను సుత్తితో తట్టి, మోగిన మోత విని పగులుందో లేదో చెప్పే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అదే నడక, అదే ముఖం. బకెట్ దగ్గర వంగుతాడు, వేలి కణుపుతో ఫోను మీద తడతాడు, చెవి ఆనించి వింటాడు, "పాస్" అని తరవాతి దానికి వెళతాడు. జీతం దోర్కమ్మ ఇడ్లీలు, అవి తయారైన రోజున.

"ఏటన్నా, ఇంతమంది తరపున నువ్వొక్కడివే ఉన్నానంటన్నావు?" అని దోర్కమ్మ అడిగింది.

"యార్డులో బండి మొత్తానికి నేనే ఉన్నాను సెల్లీ. ఏ సక్రమూ కాదన్లేదు."

నేను వెంటనే మూత ఉన్న బకెట్లు తెప్పించాను. వానొస్తే ఫోను తడవదు. మీద 'డిజిటల్ బకెట్' అని రాయించాను. గణపతిరావు గారి దూరదృష్టిని మొదట గుర్తించినవాణ్ణి నేనే.

పార్టీ ఆఫీసులో ఆయన కంప్యూటర్ తెర మీద మా కొళాయి చుట్టూ ఎర్ర చుక్కలు కనిపించేవి. ఒక్కో చుక్క ఒక్కో పౌరుడు. పొద్దస్తమానం కదిలేవి కావు.

"సూసినావా మోహన్‌దా? జనం నా పథకాన్ని ఒదిలి ఇంటికి కూడా ఎల్లటం లేదు," అన్నారు నాతో. కళ్లు తుడుచుకున్నారు కూడా.

ఆ చుక్కల ఫోటో పైకి పంపారు. పైవాళ్లు ఇంకా పైకి పంపారు. వారం తిరక్కుండానే మంత్రిగారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. సభకు ఎంతమంది వచ్చారో యాప్ లెక్కే లెక్క అని ఆయన పీఏ రాబిన్ బాబు షరతు పెట్టాడు. గణపతిరావు గారు ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆ ఒక్కరోజుకు యాప్‌లో కొళాయిని సభ జరిగే మైదానంలోకి మార్పించారు. సభ జరిగేటప్పుడు ఫోను అక్కడ లేనివాళ్లకు మర్నాటికి నంబరు లేదు.

దోర్కమ్మ నా కొట్టుకొచ్చి అరుగు మీద కూలబడింది.

"సబకెల్తే బండి పోద్ది. ఎల్లకపోతే నీల్లు పోతాయి. నన్నేటి సెయ్యమంటావు తమ్ముడూ?"

"బకెట్‌ని పంపక్కా," అన్నాను.

అందరికీ అదే తోచింది. సభ రోజున మైదానంలో కుర్చీకో బకెట్, బకెట్‌లో ఫోను. ముందు వరుసలో నీలం బకెట్. గణపతిరావు గారు వచ్చి ముందు వరుసంతా వంగి వంగి చూశారు. తరవాత టాబ్లెట్ తీసి చూశారు. మైదానమంతా ఎర్రగా ఉంది. ఆయన ముఖంలోకి రంగు వచ్చింది.

మంత్రిగారి కారు ఆగింది. రాబిన్ బాబు దిగాడు. అతనూ టాబ్లెట్టే చూశాడు గాని తలెత్తలేదు. "బాప్‌రే, హౌస్‌ఫుల్," అన్నాడు. కారు వెనక తలుపు తెరిచి, వంగి, రెండు చేతులతో ఒక ఫోను బయటికి తీశాడు. వేదిక మీద నడిమి కుర్చీలో దిండు వేసి దాని మీద పెట్టాడు.

"మంత్రిగారో?" అన్నారు గణపతిరావు గారు.

"ఏసే గేఛేన్, వచ్చేశారు కదా," అని రాబిన్ బాబు తెర చూపించాడు. వేదిక మీద బంగారు చుక్క ఒకటి మెరుస్తోంది.

గణపతిరావు గారు వంగి దండ వేశారు. దండ కింద మంత్రిగారు కనిపించకుండా పోయారు. మళ్లీ తీసి పక్కన పెట్టారు. తరవాత ఉపన్యాసం ఇచ్చారు. చాలా సభలు చూశాను గాని, మధ్యలో లేచిపోయినవాడు ఒక్కడూ లేని సభ అదే. సగంలో ఉండగా మైదానమంతా ఒక్కసారిగా "మీరు ఇంకా ఉన్నారా?" అంది. ఆయన ఉలిక్కిపడి నీళ్లు తాగారు. జగ్గారావు చివరి వరుస నుంచి తట్టుకుంటూ వచ్చి వేదిక ఎక్కాడు. మంత్రిగారిని తట్టి, చెవి ఆనించి కొంచెం ఎక్కువసేపే విన్నాడు.

"పాస్," అన్నాడు.

వెళ్లబోయే ముందు రాబిన్ బాబు నా దగ్గరకు వచ్చాడు. "దాదా, ఒక మంచి బకెట్. సార్ హోదాకు తగ్గది." ఎర్రది, మూత ఉన్నది ఇచ్చాను. అందులో ఫోను పెట్టి గణపతిరావు గారి చేతిలో ఉంచాడు.

"ఎన్నికల దాకా సార్ ప్రజల మధ్యే ఉంటారు. వీఐపీ కోటా గనక ఎప్పుడూ ఒకటో నంబరే. ఒక్కసారి సార్ లేరని యాప్ అన్నా, టికెట్ల లిస్టులో మీరూ ఉండరు. ఠీక్ హై?"

మర్నాడు చీకటితోనే గణపతిరావు గారు ఎర్ర బకెట్ తెచ్చి కొళాయి ముందు పెట్టి జగ్గారావును పిలిచారు.

"ఇదీ నువ్వే సూసుకో."

"నా వల్ల కాదు బాబూ. మంతిరిగారికేటైనా అయితే ఎంక్వైరీ నా మీదకొస్తాది. పెన్సనాగిపోద్ది."

ఆయన నా వైపు చూశారు. నేను బకెట్లు తుడుచుకుంటున్నాను. ఇంకెవర్నీ నమ్మే వీల్లేక ఆయనే నిలబడ్డారు.

ఒకటో నంబరుకు వంతు వచ్చింది. ఫోను చూపించగానే కొళాయి తెరుచుకుంది. ఎర్ర బకెట్‌లో మంత్రిగారుంటారు గనక అందులో నీళ్లు పట్టడానికి లేదు. నీళ్లు నేల మీద పోతున్నాయి.

"కొంచెం జరుగు బాబూ," అని దోర్కమ్మ నీలం బకెట్‌ను కొళాయి కిందికి తోసింది.

ఆ రోజు నుంచి మొదటి షిఫ్టు వాళ్లు వేళకు తింటున్నారు. మంత్రిగారు ఖరిదా ప్రజల మధ్యే ఉంటున్నారని, పొద్దున్నే సామాన్యుడిలా నీళ్ల కోసం వస్తున్నారని పేపర్లు రాస్తున్నాయి. రాజధానిలో ఆయన లేని లోటు ఎవరికీ తెలిసినట్టు లేదు.

నిన్న గణపతిరావు గారు కాళ్లు పీకుతున్నాయని నన్నో ప్లాస్టిక్ స్టూలు అడిగారు. ఇస్తే నాకు లాభమే. కాని కూర్చున్నవాడు ఉన్నట్టో లేనట్టో యాప్‌లో ఎక్కడా రాసి లేదని గుర్తుచేశాను. ఆయన స్టూలు తిరిగి ఇచ్చేసి లేచి నిలబడ్డారు. వెనకాల గోడ మీద ఆయన ఫోటోతో, ఈ వార్డులో ఎవరూ క్యూలో నిలబడరు అని బోర్డుంది. ఎర్ర బకెట్‌లోంచి ఆడగొంతు వినిపించింది.

"మీరు ఇంకా ఉన్నారా?"

గణపతిరావు గారు వంగి నొక్కారు.