లిండ్‌క్విస్ట్ గారి ఎంపికలు, టొలీడోకి కలిగిన లాభాలు

ఎవరేమనుకున్నా సరే, ఒక మాట చెప్పేస్తాను. మా టొలీడో హెరాన్స్ బాస్కెట్‌బాల్ జట్టు జనరల్ మేనేజర్ గ్రెగ్ లిండ్‌క్విస్ట్ గారికి ఊరి నడిబొడ్డున నిలువెత్తు విగ్రహం పెట్టాలి!

ఎందుకంటారా? ఏటా జూన్‌లో డ్రాఫ్ట్ జరుగుతుంది కదా. కాలేజీల్లో బాగా ఆడిన కుర్రాళ్లని లీగ్‌లోని జట్లు వంతులవారీగా పేరు పిలిచి తీసుకుంటాయి. మా జట్టు తరఫున ఆ పేరు ఖాయం చేసే పని లిండ్‌క్విస్ట్ గారిదే. ఈ ఏటిది పక్కనబెడితే ఇరవై రెండుసార్లు చేశారు. ఒక్కటి మినహాయిస్తే అన్నీ తప్పే! కళ్లు మూసుకుని జాబితా మీద వేలు పెట్టినా ఈపాటికి నాలుగైదుసార్లు మంచివాడి మీద పడి ఉండేది. కళ్లు తెరుచుకుని, పాతికమంది సలహాదారుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, ఇంత నిలకడగా గురి తప్పడం మామూలు మనుషుల వల్ల అవుతుందా?

ఆగండాగండి, పేపరు మడిచి అవతల పారేయకండి! ఇరవై రెండేళ్లుగా ఇదే పేజీలో ఆయన్ని తిట్టిపోసిన స్టాన్ గ్రబోవ్‌స్కీని నేనే. ఇప్పుడు జ్ఞానోదయమైంది. కాస్త ఓపిగ్గా వినండి.

మొదటి ఏడు ఆయన కెనడా నుంచి ఏడడుగుల మూడంగుళాల కుర్రాణ్ని తెచ్చారు. "ఆట నేర్పొచ్చు, ఎత్తు నేర్పలేం కదా!" అన్నారు. ఆట కూడా నేర్పలేమని రెండు నెలల్లో తేలింది. అయితేనేం? అతను ఇక్కడే స్థిరపడ్డాడు. ఇప్పుడు మా వీధిలో ఏ ఇంటి చూరుమీద ఆకులు పేరుకున్నా నిచ్చెన అవసరం లేదు. అతన్ని పిలిస్తే చాలు, చేత్తో తీసేస్తాడు. గెలిచే జట్టున్న ఊళ్లో ఈ సుఖం ఉందా?

మరో ఏడు ఇద్దరు కవలలు. అన్న ఆడేవాడు, తమ్ముడు కాలేజీ బ్యాండులో డ్రమ్ము కొట్టేవాడు. మనం ఎవర్ని తీసుకున్నామో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఏడాది మన ఆట గురించి మాట్లాడను గానీ, విరామంలో సంగీతం మాత్రం ఆహా! అన్నగారు వేరే జట్టుకి వెళ్లి మూడు కప్పులు గెలిచాడు. ఏం లాభం? తాళం తెలుసా అతనికి?

ఇంకో కుర్రాణ్ని షేక్‌హ్యాండ్ బాగా ఇచ్చాడని తీసుకున్నారు. నిజం! "చెయ్యి పట్టుకోగానే తెలిసిపోయింది, నాయకుడు" అని లిండ్‌క్విస్ట్ గారే టీవీలో చెప్పారు. అతనిప్పుడు ఇన్సూరెన్స్ అమ్ముతున్నాడు. నాకు రెండు పాలసీలు అంటగట్టాడు. షేక్‌హ్యాండ్ అద్భుతం, అబద్ధమెందుకు చెప్పాలి?

మన స్టేడియం సంగతి చూడండి. ముందు సీటు మీద కాళ్లు చాపుకోవచ్చు, పక్క సీట్లో కోటు పడుకోబెట్టుకోవచ్చు. నాలుగో క్వార్టరు మొదట్లోనే బయల్దేరితే ట్రాఫిక్కే ఉండదు.

అన్నిటికన్నా పెద్ద లాభం, ఆశ! మన లీగ్ ధర్మం ఎంత గొప్పదంటే, ఎంత ఘోరంగా ఓడితే మరుసటి జూన్‌లో అంత ముందు వంతు దక్కే అవకాశం ఇస్తారు. తప్పు కుర్రాణ్ని తీసుకుంటాం కాబట్టి ఓడతాం. ఓడతాం కాబట్టి ముందు వంతు వస్తుంది. ముందు వంతు వచ్చింది కదాని ఇంకో తప్పు కుర్రాణ్ని తీసుకుంటాం. ఏటా జూన్‌లో పెళ్లికొడుకులా తయారై టీవీ ముందు కూర్చునే భాగ్యం గెలిచేవాళ్లకి ఎక్కడిది?

మేము కూర్చునేది లగ్రాంజ్ వీధిలో హాంక్ జీలిన్‌స్కీ నడిపే బౌలింగ్ హాల్లో, అదే, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే చోట. అక్కడొక ఆచారం ఉంది. గల్లా బల్ల మీద గాలన్ పట్టే దోసకాయ ఊరగాయ సీసా ఉంటుంది, ఖాళీది. ఎంత కడిగినా వెల్లుల్లి వాసన పోలేదు. డ్రాఫ్ట్ రోజు సాయంత్రం వచ్చినవాళ్లంతా తమకి నచ్చిన కుర్రాడి పేరు చీటీ మీద రాసి అందులో వేస్తారు. ఎక్కువ చీటీలు ఎవరికొస్తే వాడి పేరు అందరం గొంతు చించుకుని టీవీకేసి అరుస్తాం. డ్రాఫ్ట్‌కి ముందు నా సలహా, మర్నాడు సీసా తీర్పు నేను కాలమ్‌లో రాస్తాను. ఇరవై రెండేళ్లలో సీసా అడిగినవాణ్ని మా జట్టు ఒక్కసారీ తీసుకోలేదు. సీసా అడిగినవాళ్లలో పద్నాలుగు మంది లీగ్‌లో మహామహులయ్యారు!

ఇక ఆ ఒక్క మినహాయింపు. ఆరేళ్ల కిందట సీసా ఒకణ్ని అడిగితే లిండ్‌క్విస్ట్ గారు ఇంకొకణ్ని తీసుకున్నారు. డేరియస్ వీలర్. పొరపాటున వాడు కూడా మంచి ఆటగాడైపోయాడు! మొదటి ఏడే జట్టుని లేపి నిలబెట్టాడు. మంచి ఆటగాడు దొరికితే ఏం చెయ్యాలో మనవాళ్లకి అలవాటు లేదు పాపం. నలభై ఎనిమిది నిమిషాల ఆటలో ప్రతిసారీ నలభై నిమిషాలు ఆడించారు. మోకాలు వాచినా ఆడించారు. ఇరవై రెండేళ్ల వయసుకే వాడి ఆట అయిపోయింది. ఇప్పుడు హాంక్ దగ్గర, బౌలింగ్‌కి వచ్చినవాళ్లకిచ్చే అద్దె బూట్లు తుడిచి అరల్లో సర్దుతుంటాడు, కొంచెం కుంటుతూ. బంగారంలాంటి మనిషి. మీ బూటు సైజు అడక్కుండానే ఇస్తాడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఈ ఏడు డ్రాఫ్ట్‌లోకి మన ఆల్టన్ వచ్చాడు. మన ఊరివాడు. పంతొమ్మిదేళ్లు, ఆరడుగుల ఆరంగుళాలు. ఒడెస్సా పెటిఫర్డ్ మనవడు. ఒడెస్సమ్మ తెలియనివాళ్లు లగ్రాంజ్ వీధిలో ఉన్నారా? ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు క్యాంటీన్లో మా అందరికీ వండిపెట్టింది. నాకిప్పుడు యాభై ఎనిమిది. ఇప్పటికీ ఆవిడ కనిపిస్తే చేతులు కడుక్కున్నానా లేదా అని చూసుకుంటాను.

మనది నాలుగో వంతు. డ్రాఫ్ట్‌కి మూడు వారాల ముందు ఆవిడ హాల్లోకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఒరేయ్ స్టాన్, ఆ సీసా ఎవర్ని అడిగితే వాణ్ని మనవాళ్లు తీసుకోరు. ఔనా?"

"ఔను ఒడెస్సమ్మా."

"నువ్వు పేపర్లో ఎవర్ని తీసుకోమని రాస్తే వాణ్నీ తీసుకోరు."

"అంత మొహమ్మీద అనాలా?"

"అయితే మావాణ్ని అడగండి. సీసా నిండా వాడి పేరే వెయ్యండి. నువ్వు వారం వారం రాయి. ఊరంతా మొత్తుకోండి. వాడు ఈ జట్టు చేతిలో పడకూడదు. ఇంకెక్కడైనా సరే, ఎంత దూరమైనా సరే." ఆవిడ బూట్ల అరలవైపు చూసింది. డేరియస్ వంగి కింది అరలో ఏదో సర్దుతున్నాడు, ఒక కాలు చాపుకుని.

"నీ బుర్రే బుర్ర ఒడెస్సమ్మా! అనవసరంగా వంటింట్లో పాడు చేసుకున్నావు," అన్నాడు హాంక్.

"ఆ వంట తినే ఇంత పొట్ట పెంచావు. నోర్ముయ్!"

ఇక చూడండి మా ఉద్యమం! ప్రతి కొట్టు కిటికీలో ఆల్టన్ బొమ్మ. చర్చి బయట బోర్డు మీద ఆల్టన్ పేరు. సంతకాల కాగితం స్టేడియం గేటు దాకా మోసుకెళ్లాం. నేను మూడు వారాలు మూడు కాలమ్‌లు రాశాను. "లిండ్‌క్విస్ట్ గారూ, ఈ ఒక్కసారి మా మాట వినండి!" అని కాళ్లావేళ్లా పడ్డాను. లోపల్లోపల నవ్వుకున్నాను. ఇరవై రెండేళ్ల అనుభవం నాది, ఎలా వింటారు?

పోయిన బుధవారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. ఆల్టన్ వాళ్లమ్మతో డ్రాఫ్ట్ జరిగే ఊరికి వెళ్లాడు. ఒడెస్సమ్మ విమానం ఎక్కదు, మాతోనే ఉంది. మొదటి మూడు వంతులు అయిపోయాయి. మాది వచ్చింది. అందరం వాడి పేరే అరిచాం, దిష్టి తీస్తున్నంత శ్రద్ధగా. టీవీలో లీగ్ కమిషనర్ చీటీ విప్పి చదివాడు.

ఆల్టన్!

హాంక్ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఊరు కోరినవాడే ఊరికి దక్కితే తలలు పట్టుకుని కూర్చున్న ఊరు ప్రపంచంలో ఇంకోటి ఉంటుందా?

టీవీలో మాత్రం ఆల్టన్ మొహం వెలిగిపోతోంది. హెరాన్స్ గుర్తు, అదే కొంగ బొమ్మ, ఉన్న టోపీ పెట్టుకుని పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. ఒడెస్సమ్మకి సరిగ్గా వినపడదని స్పీకర్ పెట్టాం.

"అమ్మమ్మా, మన జట్టే! ఇంట్లోంచే ప్రాక్టీసుకి పోవచ్చు! చిన్నప్పట్నుంచీ నేనడిగిందిదే, తెలుసు కదా నీకు?"

మాకెవరికీ తెలియదు. మూడు వారాలు ఊరంతా తిరిగాం గానీ, వాడికేం కావాలో వాణ్నడగాలని మాకెవరికీ తట్టలేదు.

"తెలుసు నాన్నా," అంది ఒడెస్సమ్మ. "రేపు రా, నీకిష్టమైన మకరోనీ చేస్తాను." ఫోన్ పెట్టేశాక ముక్కు చీదుకుంది.

డేరియస్ వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. "వాడు బాగా ఆడతాడమ్మా. ఒక్కటే భయం. నొప్పి పుడితే చెప్పడు. నేనూ చెప్పలేదు," అన్నాడు.

మర్నాడు విలేకరుల సమావేశం. నేను ముందు వరసలో కూర్చున్నాను. లిండ్‌క్విస్ట్ గారు చిరునవ్వు నవ్వారు. "అభిమానుల మాటే నాకు ముఖ్యం. మన స్టాన్ గారి కాలమ్ ఈ ఇరవై రెండేళ్లలో ఒక్కటీ వదల్లేదు. ప్రతిదీ కత్తిరించి ఫైల్లో పెట్టుకుంటాను," అన్నారు.

ఫైల్లో!

ఇన్నేళ్లూ నేనేమనుకున్నానో తెలుసా? పాపం, పెద్ద పనుల్లో ఉన్న మనిషి, మనం రాసేది ఎక్కడ చూస్తాడులే అని సర్దిచెప్పుకున్నాను. చూశారట! కవలల్లో ఆడేవాడు అన్న అని రాస్తే చదివారు. షేక్‌హ్యాండ్‌తో బంతి బుట్టలో పడదని రాస్తే చదివారు. డేరియస్ మోకాలు వాచింది, దయచేసి కూర్చోబెట్టండి అని మూడు వారాలు వరసగా రాశాను. అదీ చదివారు. చక్కగా కత్తిరించి, ఫైల్లో పెట్టి, ఆ సాయంత్రం వాడితో నలభై నిమిషాలు ఆడించారు.

విగ్రహం మాట అలాగే ఉండనివ్వండి, నేను వెనక్కి తీసుకోను. ఆయన చెవులు మాత్రం పెద్దవిగా చెక్కించండి. ఎటూ బాగానే పనిచేస్తున్నాయి.

ఇక లిండ్‌క్విస్ట్ గారూ, ఈ కింది నాలుగు ముక్కలూ నావి కావు. ఒడెస్సమ్మ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పింది, నేను రాశాను. "మావాడికి పంతొమ్మిదేళ్లు. రెండేళ్లపాటు నలభై నిమిషాలు ఆడించొద్దు. ఎలా ఉందిరా అంటే బాగానే ఉందంటాడు, నమ్మొద్దు. మోకాలు మీరే పట్టుకుని చూడండి."

కత్తెర తీసుకోండి సార్. ఫైల్లోనే పెట్టుకోండి. చదవలేదని మాత్రం ఇక అనకండి.