ఖాళీ కడుపు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అక్షరం మీది చుక్క ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడుతుంది, చేయి నెమ్మది. కాస్త ఓర్చుకోండి.

ఆ ఉదయం స్ఫాక్స్ ఊళ్ళో రఫీకా అనుకున్నది ఒక్కటే: కూతురు ఇబ్తిసామ్‌ను ఖాళీ కడుపుతో ఆసుపత్రికి చేర్చాలి. పిల్లకు ఏడాదిగా రక్తవిరేచనాలు. పేగులోకి గొట్టం వేసి చూసే ఈ పరీక్ష కోసం చలికాలమంతా ఎదురుచూశారు. ఒక్క ముద్ద లోపలికి వెళ్ళినా వాయిదా వేస్తారు.

"ఇదంతా ఆ హరీసా కారం వల్లే. మీ అక్క మిరపకాయలు కాదు, నిప్పులు నూరి పంపుతుంది," అంటూ అత్తగారు మన్నానా ఆ కారం జాడీని పక్కింటికి ఇచ్చేసింది.

పక్కింటామె ఊరుకోక, రఫీకా అక్క దలెండాకు ఫోన్ చేసి సంగతేమిటని అడిగింది. కాసేపటికే దలెండా కొత్త జాడీతో, వేడి రొట్టెతో గుమ్మంలో నిలబడింది.

"నా కారం పిల్ల పేగులు కోసిందా, పిన్నీ? మేమంతా దీంతోనే పెరిగాం. మీ వీధి వాళ్ళ దిష్టి అయ్యుంటుంది."

"దిష్టి మా వీధిలో లేదమ్మా. మీ చెల్లెలి పెళ్ళిపెట్టెలోనే వచ్చింది."

"అక్కా, టైమవుతోంది," అంది రఫీకా.

"ఒక్క ముద్ద. పిల్ల తిని చూపిస్తే నా మీద మాట పోతుంది."

కారం అద్దిన రొట్టె ఇబ్తిసామ్ పెదవుల దాకా వచ్చింది. పెద్దమ్మ చేతి ముద్ద కాదంటే ఏడాది మాటలుండవు. తింటే పరీక్ష ఉండదు. రఫీకా గబుక్కున వంగి ఆ ముద్ద తానే అందుకుంది. దలెండా ఇంకోటి కలిపింది. రఫీకా అదీ మింగింది. జాడీ సగానికి వచ్చాక టాక్సీ దొరికింది, నలుగురూ ఎక్కారు.

ఆసుపత్రి చేరేసరికి రఫీకా కడుపు పట్టుకుని రెండుగా వంగిపోయింది. నర్సు రోగి ఆమే అనుకుని మంచం మీద పడుకోబెట్టి పరీక్షగదిలోకి తోసింది. నోరు మండి రఫీకాకు మాట రాలేదు.

"ఏమైనా తిన్నదా?" అంది డాక్టరమ్మ.

"తిన్నది. ఈవిడ కారం," అంది మన్నానా.

"కారం కాదు, దిష్టి," అంది దలెండా.

"తింటే ఈరోజు కుదరదు," అని డాక్టరమ్మ కాగితం మడవబోయింది.

"డాక్టరమ్మా, ఇబ్తిసామ్‌ను నేను," వెనకనుంచి పిల్ల చేయెత్తింది. "నేనేమీ తినలేదు."

పరీక్ష అయ్యాక డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. "పేగులో పుండ్లు పడ్డాయి. మందులున్నాయి, రేపే మొదలుపెడదాం. అసలు కారణం ఇదీ అని ఎవరికీ గట్టిగా తెలియదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే సొంత పేగు మీద తిరగబడుతుంది. కొంత వంశంలో కూడా ఉండొచ్చు. మీవాళ్ళలో ఏ వైపైనా ఉందా?"

మన్నానా దలెండాను చూపించింది. దలెండా మన్నానాను చూపించింది.

"సొంతవాళ్ళ మీద తిరగబడటమైతే," అంది ఇబ్తిసామ్ మత్తులో కళ్ళు మూసుకునే, "రెండు వైపులా ఉంది."

వర్దియా గర్గూరి, డెబ్బై ఒక్కేళ్ళు. ఇప్పుడు మహ్దియాలో ఉంటున్నాను.